గాలి తగలని గది

జూన్ 9

ఈ ఫోన్లో మనకి మనమే మెసేజ్ పెట్టుకోవచ్చంట. మా కాఫీ కొట్లో ప్యాకింగ్ చేసే అక్క చూపించింది. "ఎవరితోనూ మాట్లాడవు కదా, నీతో నువ్వన్నా మాట్లాడుకో" అంది. ఎగతాళికే అంది. నాకు మాత్రం నచ్చింది. ఇక్కడ ఎవరూ నా మొహం చూడరు.

ఈరోజు వేయించిన గింజలు పెట్టే గదికి రబ్బరు పట్టీ వేశాం. పోయిన వారం హోటల్ వాళ్ళు కాఫీ సంచులు వెనక్కి పంపారు. గింజలు పాత వాసన వస్తున్నాయంట. బాబాయికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఊళ్ళో ఎవరేమన్నా పడతాడు గానీ, తను వేయించిన గింజని అంటే పడడు.

"వానాకాలం కదా, తడిగాలి లోపలికి వస్తోంది. గాలి తగిలితే గింజ చచ్చిపోతుంది. ఈ గదిలోకి ఇక చీమ కూడా ఊపిరి తీసుకుని రాకూడదు" అన్నాడు. తలుపు చుట్టూ రబ్బరు తనే అంటించాడు. గాలి లాగే ఫ్యాను పీకేసి, ఆ కన్నానికి ప్లైవుడ్ ముక్క కొట్టాడు. నేను స్టూలు పట్టుకున్నాను, మేకులు అందించాను.

తలుపు వేస్తే ఫ్రిజ్ తలుపులా చప్పున అతుక్కుంటోంది. ఓనరు వచ్చి రెండు సార్లు తీసి వేసి చూసుకుని, "బ్యాంకు లాకర్లా ఉందయ్యా" అన్నాడు. బాబాయి పొంగిపోయాడు.

జూన్ 11

వేయించిన రోజే గింజ తాగడానికి పనికిరాదు. లోపల గాలి పుడుతుంది. అది బయటికి పోయేదాకా ఆగాలి. ఈ సంగతి తెలియక, ఇదివరకు వేడి తగ్గగానే సంచుల్లో పోసి సీలు వేసేవాళ్ళం. తెల్లారేసరికి సంచులన్నీ కప్పల్లా ఉబ్బేవి. ప్యాకింగ్ అక్క ఒక్కోదానికి గుండుసూది గుచ్చేది. హోటల్ వాళ్ళు ఆ చిల్లులేంటని అడిగారు. అందుకే ఇప్పుడు గదిలో డ్రమ్ముల్లో మూత లేకుండా పోసి ఆరబెడుతున్నాం. గాలంతా పోయాక సంచుల్లో పోస్తాం.

"కొత్తగా పనిలో చేరినోడిలా మొదట్లో బిగుసుకుపోయి ఉంటుంది. రెండు రోజులు పోతే తనే మాట్లాడుతుంది" అన్నాడు బాబాయి. తర్వాత నా వంక చూసి, "నీలా కాదు" అన్నాడు.

నన్ను మూగీ అని పిలుస్తాడు. అమ్మ పోయాక వాళ్ళింటికి వచ్చినప్పటి నుంచీ అదే పేరు. వేరేవాళ్ళు అంటే కోపం వస్తుంది. ఆయనంటే రాదు.

జూన్ 14

రుచి చూడటం నేర్పుతున్నాడు. పొడి మీద వేడినీళ్ళు పోసి, పైన తేలిన తెట్టు చెంచాతో పక్కకి తీసి, చెంచాడు కాఫీ నోట్లోకి జుర్రున లాగాలి. ఎంత చప్పుడైతే అంత మంచిది. చప్పుడైతేనే నోరంతా పరుచుకుని ముక్కులోకి ఎక్కుతుందంట.

నాకు చప్పుడు చెయ్యడం చేతకాలేదు. అక్క చూస్తోంది.

"ఏంట్రా, మందు తాగే పిల్లిలా ఆ తాగడమేంటి" అన్నాడు. "సిగ్గుపడేవాడికి కాఫీ తన రుచి చెప్పదు. జుర్రు."

జుర్రాను. పొలమారింది. అక్క నవ్వి నవ్వి స్టూలు మీద నుంచి జారింది.

ఆయన మాత్రం ఒక్క చెంచాతో చెప్పేస్తాడు. బెల్లం. ఎండుద్రాక్ష. ఇది తడిచెక్క వాసన, బస్తాలు నేల మీద పెట్టినట్టున్నారు. ఇది సబ్బుల కొట్టు పక్కన నిలవ ఉన్న సరుకు, కొనొద్దు. ఆయన కొనొద్దంటే ఓనరు కొనడు.

జూన్ 20

హోటల్ వాళ్ళు ఫోన్ చేసి బాగుందన్నారంట. ఇంకా ఎక్కువ కావాలన్నారు. గదిలో డ్రమ్ములు పెరిగాయి. మధ్యలో ఒక మనిషి పట్టేంత దారే మిగిలింది.

బాబాయికి తలనొప్పి. వాన వల్ల అన్నాడు.

జూన్ 24

బాబాయి గదిలో గింజలు కలియబెట్టి బయటికొస్తూ గోడ పట్టుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది. నన్ను చూసి మా నాన్న పేరు పెట్టి పిలిచాడు.

అక్క నా వంక చూసింది. నేను నేల చూశాను.

కూతురు బుడ్డి పుట్టక ముందు బాబాయి బాగా తాగేవాడంట. నేను అప్పుడు చూడలేదు. పిన్ని పుట్టింటికి పోయి కూర్చుంటే, వెళ్ళి గుమ్మంలో నిలబడి ఇక ముట్టనని చెప్పి తెచ్చుకున్నాడంట. ముట్టలేదు. పండగకి ఎవరైనా పోసినా ముట్టలేదు. బుడ్డి ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోతోంది.

జూన్ 25

ఏం లేదు.

జూన్ 28

ఓనరు నన్ను మిషను వెనక్కి పిలిచాడు.

"మీ బాబాయి మళ్ళీ మొదలుపెట్టాడా?"

నేను తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలీదు.

"చూడు, ఆయన లేకపోతే నాకు నడవదు. ఆయన ఇలా ఉన్నా నడవదు. నువ్వు పక్కనే ఉంటావు కదా. ఏదైనా కనబడితే నోటితో చెప్పక్కర్లేదు, మెసేజ్ పెట్టు చాలు."

దానికి మాత్రం నిలువుగానే ఊపాను. ఎవరేం చెప్పినా అలాగే ఊపుతాను.

జూలై 1

పొద్దున్నే పిన్ని బాబాయి నోరు వాసన చూసింది. నిన్న సాయంత్రం ఆయన మెట్ల మీద కూలబడ్డాడు, అందుకు.

"కాఫీ వాసనే కదా" అన్నాడు ఆయన.

"కాఫీ వెనకాల ఏం దాచావో ఎవరికి తెలుసు. అప్పుడు సోంపు వెనకాల దాచేవాడివి."

"ముట్టలేదే."

"బుడ్డి మీద చెయ్యి వేసి చెప్పు."

బుడ్డి నోట్లో బ్రష్షుతో నిలబడి ఉంది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి వణుకుతోంది. పిన్ని ఆ వణుకే చూసింది. మాట వినలేదు.

జూలై 3

బాబాయి వాళ్ళు టీకి పోయినప్పుడు మందు బాటిల్ కోసం గదంతా వెతికాను. దొరికితే ఎవరికీ చెప్పకుండా పారేద్దామనుకున్నాను. డ్రమ్ముల వెనక లేదు. డ్రమ్ముల్లో గింజల అడుగున పెట్టాడేమోనని చెయ్యి భుజం దాకా పెట్టి చూశాను. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో తల పెట్టి మరీ చూశాను. తల తిరిగింది. బయటికొచ్చి కాలవ పక్కన కక్కుకున్నాను.

పొద్దున ఏమీ తినకుండా వచ్చాను, అందుకే.

బాటిల్ దొరకలేదు. ఇంకెక్కడో దాచాడన్నమాట.

జూలై 4

ఓనరుకి మెసేజ్ పెట్టలేదు. ఏం చూశానని పెట్టాలి.

జూలై 6

హోటల్ నుంచి ఒకాయన వచ్చాడు. బల్ల మీద కప్పులు పేర్చాం. బాబాయి మొదటిది జుర్రి, చాలాసేపు ఆగి, "ఇనుము" అన్నాడు. రెండోది కూడా ఇనుమే. మూడోది ఎత్తుతుంటే చెంచా జారి, వచ్చినాయన చొక్కా మీద పడింది. ఆయన చొక్కా దులుపుకుంటూ ఓనరు వంక చూశాడు.  తిట్టి ఉన్నా బాగుండేది.

ఆయన వెళ్ళాక ఓనరు, "రేపటి నుంచి రావద్దు" అన్నాడు.

బాబాయి బతిమాలలేదు. ఒక్క మాట అడిగాడు. "ఒక వారం నన్ను గదిలో పెట్టి తాళం వెయ్యండి. ప్యాకింగ్ అంతా నేనే లోపల కూర్చుని చేస్తాను. పోయేటప్పుడు జేబులు వెతకండి. సాయంత్రం తీసి నోరు చూడండి. తాగానని తేలితే నేనే పోతాను."

"ఇదేం పందెమయ్యా."

"పందెం కాదండీ. మా ఆవిడ కూడా నమ్మట్లేదు. అలాగైతేనే నమ్ముతుంది."

అక్క అంది, "అదీ బాగానే ఉంది. అందులోకి పురుగు కూడా పోదు, ఇక సీసా ఎలా పోతుంది."

ఓనరు నీ ఇష్టం అన్నాడు. బాబాయి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"వీడే వెయ్యాలి. వీడు అబద్ధం చెప్పడు. చెప్పాలంటే నోరు విప్పాలి కదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 7

జేబులు వెతికాను. ఒక చెంచా, బుడ్డి ఇచ్చిన బలపం ముక్క. అంతే.

సాయంత్రం తీశాను. ఆయన మొహమంతా ఎర్రగా వెలిగిపోతోంది. నవ్వుతున్నాడు. "చూడరా మూగీ" అని నోరు తెరిచి నా మొహం మీద ఊదాడు. కాఫీ. ఒట్టి కాఫీ. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికొచ్చేటప్పుడు రోడ్డు మీద నా భుజం పట్టుకుని నడిచాడు. గుమ్మం దగ్గర కాలు తడబడి పడ్డాడు. పిన్ని లేపలేదు. "గదిలోకి ఎవరో అందిస్తున్నారు. కిటికీలోంచి" అంది.

ఆ గదికి కిటికీ లేదు.

"తాళం నేనే వేశాను పిన్నీ" అందామనుకున్నాను. మనసులో రెండు సార్లు అన్నాను.

జూలై 8

లోపలికి వెళ్ళే ముందు బాబాయి అన్నాడు, "ఒంట్లో బాలేదు, తలుపు కొడతానేమో. సాయంత్రం దాకా తియ్యకు. మధ్యలో తీస్తే బయటికొచ్చి తాగొచ్చాడంటారు. కొట్టినా తియ్యకు. ఒట్టా?"

ఒట్టు అని తల ఊపాను.

తలుపు పక్కనే బస్తా మీద కూర్చున్నాను. చెవి తలుపుకి ఆనిస్తే సంచుల చప్పుడు వినిపిస్తోంది.

సంచుల చప్పుడు లేదు. కాసేపు పడుకున్నట్టున్నాడు.

కొట్టాడు. తియ్యలేదు.

మళ్ళీ కొట్టాడు. మెల్లగా. చెయ్యితో కాదు, చెంచాతో అనుకుంటా.

ఆపేశాడు. మా బాబాయి గట్టోడు.

జూలై 15

ఆసుపత్రి బెంచీ మీద రాస్తున్నాను.

ఆ రోజు టీ అందిద్దామని తలుపు నేనే తీశాను. సాయంత్రం కాకుండానే తీశాను. ఇంకాస్త ముందు తియ్యాల్సింది. తలుపుకి ఆనుకుని ఉన్నట్టున్నాడు, తియ్యగానే నా కాళ్ళ మీద పడ్డాడు. పెదాలు ఎర్రగా, లిప్‌స్టిక్ వేసినట్టు ఉన్నాయి. చెంచా చేతిలోనే ఉంది.

డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "గది మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకున్నాడా?"

లేదన్నాం. రక్తంలో అదే ఉంది అంది. బొగ్గు పొగలో ఉండే విషం. వాసన ఉండదంట. ఏం పని చేస్తాడని అడిగింది. పిన్ని చెప్పింది. కాఫీ గింజలు, మూసిన గది అనగానే డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

"వేయించిన గింజల్లోంచి వచ్చేది ఉత్త గాలి కాదమ్మా, ఈ విషమూ, మంటని ఆర్పేసే బొగ్గుపులుసు వాయువూ. ఆ డ్రమ్ముల్లో దీపం పెట్టి చూసుంటే ఆరిపోయేది."

"తాగలేదా?" అంది పిన్ని.

"చుక్క కూడా లేదు."

పిన్ని కుర్చీలో నుంచి లేచి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది.

బాటిల్ వెతికిన రోజు నేను కక్కుకున్నది పొద్దున తినకపోవడం వల్ల కాదు.

జూలై 19

కళ్ళు తెరిచాడు. పిన్నిని గుర్తుపట్టాడు. మొదటి మాట, "తప్పయిపోయిందే. మళ్ళీ తాగాను కదా."

"తాగలేదు. గాలి. ఆ గదిలో గాలి" అంది పిన్ని.

"నువ్వలాగే అంటావు, నా కోసం."

జూలై 22

ఇంటికి తెచ్చాం. నడుస్తాడు. తింటాడు. గుండీలు పెట్టుకోలేడు. నిన్న జరిగింది ఈరోజుకి ఉండదు. డాక్టరమ్మ ముందే చెప్పింది, కొంత తిరిగి రావచ్చు, కొంత రాకపోవచ్చు అని.

ఓనరు పళ్ళు పట్టుకుని వచ్చాడు. ప్లైవుడ్ పీకించి పెద్ద ఫ్యాను పెట్టించాడంట. "ఎవరికి తెలుసయ్యా" అని మూడు నాలుగు సార్లు అన్నాడు. బాబాయి లేచి నిలబడి చేతులు కట్టుకుని, "ఇక ముట్టనండీ, పనిలోంచి తియ్యకండి" అన్నాడు. ఓనరు పళ్ళ సంచి కింద పెట్టి వెళ్ళిపోయాడు.

జూలై 24

రోజూ పొద్దున లేవగానే అదే. "నేను తాగానా?"

అన్నీ మర్చిపోతున్నాడు. తాగినోడన్న మాట ఒక్కటీ మర్చిపోవట్లేదు.

ఆయన అడిగినప్పుడల్లా పిన్ని వంటింట్లోకి పోతుంది. గిన్నెలు తోముతుంది, తోమినవే.

జూలై 25

"నన్ను గదిలో పెట్టి తాళం వేసింది ఎవరు?" అన్నాడు.

"నేనే బాబాయ్."

నోరు విప్పి చెప్పాను.

"మంచి పని చేశావురా. లేకపోతే ఇంకా తాగేవాణ్ణి."

జూలై 26

డాక్టరమ్మ అన్న దీపం మాట గుర్తొచ్చింది. మాటలు నమ్మడు, కంటితో చూస్తే నమ్ముతాడు. బాబాయి ఎప్పుడూ అంతే, ఎదుటివాడు మంచి సరుకంటే నమ్మడు, తన చెంచా అంటేనే నమ్ముతాడు.

ఇంట్లో డబ్బాలో గింజలు ఉన్నాయి. అగ్గిపుల్ల గీసి లోపల పెట్టాను. దీపావళి కాకరపువ్వొత్తిలా చక్కగా వెలిగింది, వేలు కాలేదాకా.

"చూశావా, ఇందులో ఏం లేదు. నేనే తాగాను" అన్నాడు.

పాత గింజలు. వాటి గాలి ఎప్పుడో పోయింది.

జూలై 28

మా ఓనరు దగ్గరికి పోలేను. బస్సెక్కి వేరే కొట్టుకి పోయాను. బయట చాలాసేపు నిలబడ్డాను. కొట్టావిడే పిలిచింది.

"ఏం కావాలి బాబూ?"

"గింజలు."

"పొడి కొట్టమంటావా?"

"వద్దు. గింజలే. ఈరోజు వేయించినవి."

"ఈరోజువి బాగోవు. మొన్నటివి తీసుకో, ఇప్పుడు మంచి అదును మీద ఉన్నాయి."

"ఈరోజువే కావాలి. తాగడానికి కాదు."

ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది. "మరి చెట్టు మొలిపిస్తావా" అంది. అయినా మొన్నటి గింజలతో ఒక కప్పు కలిపి, రుచి చూడమని చెంచా ఇచ్చింది. ఎవరేమనుకుంటారోనని చూడలేదు. జుర్రాను. కొట్లో ఉన్న ఇద్దరూ తిరిగి చూశారు.

"బెల్లం" అన్నాను. "చివర్లో కొంచెం గోనెసంచి."

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మా బాబాయి."

ఆయన ఏం చేస్తాడని అడగలేదు. అడుగుతుందేమోనని గింజలు తీసుకుని గబగబా వచ్చేశాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి. బస్సులో కడుపుకి ఆనించి పట్టుకున్నాను.

డబ్బాలో ముప్పావు దాకా పోసి, మూత పెట్టి, చుట్టూ టేపు వేశాను. గాలి పోకుండా మూయడం నాకు బాగా వచ్చు.

జూలై 30

పొద్దున ఆయన అడిగాడు. నేను డబ్బా ముందు పెట్టి టేపు పీకాను. మూత టప్‌మని లేచింది. పుల్ల గీసి మెల్లగా దించాను. అంచు దాటగానే ఆరిపోయింది. ఎవరో ఊదినట్టు.

బాబాయి ముందుకి వంగాడు.

"మళ్ళీ."

మళ్ళీ ఆరిపోయింది.

"ఇలాంటి డ్రమ్ములు ఎన్ని ఉండేవిరా గదిలో?"

"నిండా బాబాయ్."

"ఫ్యాను?"

"మనమే పీకేశాం."

ఆరిన పుల్ల నా చేతిలోంచి తీసుకుని వాసన చూశాడు. తర్వాత, "అయితే తాగలేదన్నమాట" అన్నాడు. వంటింటి వైపు గట్టిగా అన్నాడు, "ఏమే, తాగలేదంట నేను." వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పిన్ని మాత్రం ఇవతలికి రాలేదు.

ఆరోజంతా బాగున్నాడు. రెండు సార్లు అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

జూలై 31

"ఒరేయ్ మూగీ. నేను తాగానా?"

ఆగస్టు 6

ఇప్పుడు రెండు డబ్బాలు పెట్టుకున్నాను. ఒకటి వాడుతుంటే ఒకటి నిండుతుంది. కొట్టావిడ నన్ను చూడగానే ఈరోజువి వేరే తీసి పెడుతోంది. ఏం చేస్తావని ఇక అడగట్లేదు.

బుడ్డికి ఇదొక ఆట అయింది. పొద్దున్నే అగ్గిపెట్టె పట్టుకుని వచ్చి, "నాన్నా, పుల్ల చచ్చిపోయే ఆట" అంటుంది. నిన్న పిన్ని దాన్ని వీపు మీద కొట్టింది. తర్వాత దాన్నే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆయన రోజూ కొత్తగా సంతోషపడతాడు. దానికి ముందు, రోజూ కొత్తగా సిగ్గుపడతాడు.

ఆగస్టు 9

పిన్ని నన్ను అడిగింది, మొహం అటు తిప్పుకుని. "ఆ రోజు లోపల్నించి ఏమన్నా అన్నాడా?"

"ఏం అనలేదు. కొట్టాడు."

"తియ్యొద్దని ఆయనే చెప్పాడా?"

"నువ్వు నమ్మాలని."

చెప్పకుండా ఉండాల్సింది. మూగోణ్ణయితే బాగుండేది.

ఆగస్టు 12

వాన. బస్సు ఎక్కడో ఆగిపోయింది. ఆయన లేచే వేళ దాటిపోయింది. గింజలు తడవకుండా చొక్కాలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాను.

గుమ్మం దగ్గరికొచ్చేసరికి లోపల్నించి పిన్ని గొంతు.

"నా మొహం కాదు. పుల్ల చూడు."

ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో డబ్బా. పిన్ని చుట్టూ విరిగిన పుల్లలు పడి ఉన్నాయి. ఒకటి అంటుకుంది. దించింది. ఆరిపోయింది.

బాబాయి డబ్బాలోంచి ఒక గింజ తీసి కొరికాడు. నమిలాడు.

"ఇంకా రెండు రోజులాగాలి దీనికి" అన్నాడు.

పిన్ని ఏడుస్తోంది. ఆయన ఎందుకో తెలియక ఆమె మొహం చూశాడు, డబ్బా చూశాడు.

"నేను తాగలేదా?"

"లేదు."

"ఏదీ, మళ్ళీ చూపించు."

ఇంకో పుల్ల గీసింది.

నేను లోపలికి పోలేదు. జల్లు పడుతున్నా తలుపు బార్లా తీసి, మూసుకుపోకుండా రాయి అడ్డం పెట్టాను.